బహుళార్థసాధక దంతలేపం

మా సారవపేట శాఖా గ్రంథాలయానికి ఇద్దరు యజమానులు. పుస్తకాలు గ్రంథాలయ సంస్థవి, కట్టడం మున్సిపాలిటీది. అందువల్ల వాన కురిస్తే కారేది ఒకరిది, తడిసేది ఇంకొకరిది. ఒకరి కష్టం ఇంకొకరికి పట్టదు. మధ్యలో గ్రంథపాలకురాలిని నేను, పేరు ఇందుమతి, బకెట్లు పట్టుకుని తిరుగుతుంటాను.

కప్పు మీద పగులు చూడ్డానికి పెద్దదేం కాదు. దినపత్రికల బల్ల దగ్గర మొదలై, పోటీ పరీక్షల పుస్తకాల బీరువా దాకా వంకరటింకరగా పోతుంది. రిటైరైన పోస్టుమాన్ గవర్రాజు గారు వానాకాలంలో ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో పేపరు పట్టుకుని చదువుతారు. పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడు గొడుగు పక్కవాళ్లకిస్తారు. నర్సు ఉద్యోగాలకీ కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదువుకునే ఆడపిల్లలు చినుకు పడగానే బెంచీలు మోసుకుని గోడవారకు జరుగుతారు. వాళ్ల ఇళ్లలో ఒకటే గది, అందులో టీవీ, పొయ్యి, తమ్ముళ్లు. కూర్చుని చదువుకోవడానికి వాళ్లకు ఈ ఊళ్లో ఇంకో చోటు లేదు.

ఆ వేసవిలో మున్సిపాలిటీ వాళ్లు నోటీసు పంపారు. రాబోయే వర్షాలకు కప్పు మళ్లీ కారితే కట్టడం పనికిరాదని తేల్చి తాళం వేస్తారట. పుస్తకాలను చెత్త ట్రాక్టర్ల షెడ్డులో పెడతారట. ఆడపిల్లలను ఎక్కడ పెడతారో రాయలేదు.

నేను ఆ నోటీసు పట్టుకుని ఇంజినీరు దాలినాయుడు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన నిచ్చెనెక్కి పగులు చూసి, చేతులు దులుపుకుని దిగారు.

"రెండు బస్తాల సిమెంటు, ఒక పూట పని మేడమ్. దీనికింత కంగారేటి? ఎల్లుండి సింహాద్రి మేస్త్రిని పంపిత్తాను" అన్నారు.

సరిగ్గా అప్పుడే నా కుడివైపు దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది. మా మున్సిపల్ ఆసుపత్రిలో పళ్ల డాక్టరమ్మ ఉంది. మంచి చెయ్యి, పీకినట్టే తెలియదంటారు. కానీ మేస్త్రి వచ్చే వేళకు నేను లేకపోతే ఎలా అనుకున్నాను. ముందు కప్పు, తర్వాత పన్ను అని నిర్ణయించుకుని, పంటి కింద లవంగం పెట్టుకుని ఎల్లుండి కోసం కూర్చున్నాను.

ఎల్లుండి వచ్చేలోపు మా కమిషనరు విశ్వంభరం గారు రాజధానిలో శిక్షణకు వెళ్లొచ్చారు.

విశ్వంభరం గారు చెడ్డవారు కాదు. వేళకు వస్తారు, లంచం ముట్టరు. అదే వచ్చిన చిక్కు. లంచం తీసుకునే మనిషైతే ఎవరో ఒక కాంట్రాక్టరు మా కప్పుకు ఏదో ఒక సిమెంటు అంటగట్టి ఉండేవాడు. నిజాయితీపరుడికి ఒక ఆలోచన వస్తే ఆపడానికి దారుండదు.

శిక్షణ పేరు 'స్వల్ప వ్యయంతో సుపరిపాలన'. అక్కడ పాఠం చెప్పినాయన, మా కమిషనరు గారి ఎడమ బూటు మీద కాస్త టూత్‌పేస్టు రాసి, గుడ్డతో రుద్ది, అద్దంలా చేసి చూపించాడట. కమిషనరు గారు తిరిగొచ్చిన మర్నాడు మమ్మల్నందరినీ పిలిచిన సమావేశానికి ఆ బూట్లతోనే వచ్చారు. ఎడమది తళతళ మెరుస్తోంది. కుడిది మామూలుగా మున్సిపాలిటీ బూటులాగే ఉంది. తేడా అందరికీ కనిపించాలని రెండోది ఉద్దేశపూర్వకంగానే వదిలేశారట.

"మిత్రులారా, ఇంతకాలం మనం దంతలేపాన్ని దంతాలకే పరిమితం చేసి ఉన్నాం. ఇది వనరు యొక్క అల్ప వినియోగం. ఒక్కొక్క గొట్టంలోనూ ఒక పారిశుధ్య విభాగం, ఒక ఇంజినీరింగు విభాగం నిద్రాణమై ఉన్నాయి. వాటిని మేల్కొలపడమే నా సంకల్పం" అన్నారు.

తర్వాత ప్రయోగాలు చేశారు. బల్ల మీద ఏళ్లనాటి టీ గ్లాసు మరకలు పేస్టు పెట్టి రుద్దితే పోయాయి. గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. తాళం చెవుల తుప్పు రుద్దితే పోయింది. మళ్లీ చప్పట్లు. గోడకు పాత క్యాలెండరు మేకు పీకిన కన్నం ఉంటే, అందులో కాస్త పేస్టు కూరి, పోస్టుకార్డుతో చదును చేశారు.

"ఇక్కడ రంధ్రం ఉండినదా? ఉండినది. ఇప్పుడు ఉన్నదా? లేదు" అని సభ వంక చూశారు.

నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటేసింది. ఇంట్లో అందరం చేసేవే కదా ఇవి. మా అత్తగారు వెండి కుందులు పేస్టుతోనే తోముతారు. మాడిన ఇస్త్రీపెట్టె అడుగు నేనూ అలాగే రుద్దుతాను. చేపలు కడిగిన చేతి వాసనకు అంతకంటే మందు లేదు. ఈ మాత్రం తెలివి ఇంట్లో ఉంటే తెలివే. దానికి సర్క్యులర్ నంబరు పడితేనే భయం.

నంబరు పడింది. 'బహుళార్థసాధక దంతలేప వినియోగ పథకం' అని పెద్ద ఆనకట్టకు పెట్టే పేరు పెట్టారు. సర్క్యులర్ ఇలా సాగింది: "పురపాలక సంఘమునకు చెందిన ఏ ఆస్తియందైనను పగులు, రంధ్రము, మరక, గీత, తుప్పు, దుర్వాసన కనిపించినయెడల ప్రథమ చర్యగా దంతలేపమునే ప్రయోగించవలెను. అది విఫలమైనట్లు ధ్రువపత్రము పొందిన పిమ్మటనే ఇతర సామగ్రి కోరవలెను. దంతలేపము అనగా ముద్ద, జెల్లు, పొడి తదితర రూపములలోనుండు దంతధావన పదార్థమని అర్థము. ఇట్లు సరఫరా అయిన దంతలేపమును ఎవరైనను సొంత దంతములకు ఉపయోగించినచో అది ప్రభుత్వ ఆస్తి దుర్వినియోగముగా పరిగణించబడును."

దాలినాయుడు గారు పంపిన సిమెంటు కాగితం ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. 'ముందు పేస్టు' అని ఉంది.

మొదటి వారం పథకం దివ్యంగా నడిచింది. చెత్త ట్రాక్టర్ల దీపాలు మసక వదిలి వెలిగాయి. మున్సిపల్ స్కూలు ఇత్తడి గంట బంగారంలా మెరిసింది. ఊళ్లో కొళాయిలన్నీ పెళ్లికూతుళ్లలా తయారయ్యాయి. వాటిలో నీళ్లు మాత్రం ఎప్పటిలాగే రాలేదు. కాని రానివేళ కూడా చూడ్డానికి బావున్నాయని అందరూ అన్నారు.

రెండో వారం మార్కెట్టు గోడ పగుళ్లు పూడ్చారు. పొద్దున్నే ఊళ్లోని ఆవులూ మేకలూ వరుసగా నిలబడి గోడ నాకుతున్నాయి. ఆ గోడ దగ్గర కూరలమ్మే ముసలమ్మ కమిషనరు గారికి మొర పెట్టుకుంది. ఆయన ఆ విషయాన్ని 'పశుగణ దంత ఆరోగ్యం' అనే కొత్త శీర్షిక కింద రాయించుకున్నారు.

తర్వాత బస్టాండు దగ్గర రోడ్డు గుంటలు. మూడు రోజులు ఆ వీధంతా పుదీనా వాసన. నాలుగో రోజు తుంపర పడితే ఒక మోటారు సైకిలు బస్టాండు దగ్గర జారడం మొదలుపెట్టి, రథం వీధి దాకా ఆగలేదు. దాని మీదున్నాయన లేచి, ఒళ్లు దులుపుకుని, ఇంత త్వరగా తాను ఎన్నడూ ఇంటికి రాలేదని చెప్పాడు. 'ప్రయాణ కాలంలో గణనీయమైన తగ్గుదల' అని నివేదిక వెళ్లింది.

ఊళ్లో ఉన్న పేస్టంతా మున్సిపాలిటీ కొనేసింది. కిరాణా కొట్లలో అడిగితే, వేపపుల్ల ఇవ్వమంటారా అంటున్నారు. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్‌కు కొత్త పని పడింది. లోపలికి వచ్చే ప్రతి ఉద్యోగి నోరు తెరిచి గాలి వదలాలి. పుదీనా వాసన వస్తే మెమో. ఒక శానిటరీ మేస్త్రి తన సొంత పేస్టుతోనే పళ్లు తోముకున్నానని ఎంత మొత్తుకున్నా వినలేదు. పాపం, ఆయన ఇంట్లో నిలవున్న ఆఖరి గొట్టం కూడా సాక్ష్యంగా జప్తు చేశారు. మర్నాటి నుంచి స్టాఫంతా పళ్లు తోముకోకుండా వచ్చి, గర్వంగా నోరు తెరిచి చూపించడం మొదలుపెట్టారు.

ఈ హడావుడిలో మా వంతు రానే వచ్చింది. సింహాద్రి మేస్త్రి తాపీ, బొచ్చె పట్టుకుని వచ్చాడు. వెనకాల రిక్షాలో రెండు పెట్టెల పేస్టు.

"ఏటమ్మా ఇది? సిలాబ్ అతకమన్నారు గదాని తాపీ అట్టుకొచ్చినాను. బెరస్సు తేవాల్సిందేటి?"

"నాకేం తెలుసు సింహాద్రీ. ఆఫీసు మాట."

"ఓలమ్మో, దీన్ని కప్పుకెయ్యాలా, నోట్లో ఎట్టుకోవాలా?" అంటూ నిచ్చెనెక్కాడు. పగులు పొడుగునా పేస్టు పిండి, తాపీతో చదును చేశాడు. చెయ్యి తిరిగిన పనివాడు కాబట్టి పేస్టు కూడా సిమెంటంత అందంగానే పట్టింది. దిగి వచ్చి, రేపు తమ ఇంట్లో దూలానికి కూడా కాస్త ఇవ్వమని అడిగి పోయాడు.

తొలకరి పడింది.

మొదట చుక్క రాలేదు. నేను సంతోషంతో ఆడపిల్లల వంక చూశాను. అంతలో నురగ వచ్చింది. పగులు పొడుగునా తెల్లటి నురగ కిందికి వేలాడి, మెత్తగా, చప్పుడు చెయ్యకుండా దిగింది. పత్రికల బల్ల మీద, బీరువా మీద, గవర్రాజు గారి గొడుగు మీద దిగింది. ఆయన గొడుగు పక్కకు జరిపి పైకి చూశారు.

"ఎప్పుడూ నీళ్లు కారేవి. ఇప్పుడు సబ్బుతో కారుతోంది. బట్టలుతుక్కోడానికి బావుంటాది గానీ, పేపరు సదవడానికి పనికిరాదమ్మా" అన్నారు.

ఆడపిల్లలు పుస్తకాల మీద కొంగులు కప్పి కూర్చున్నారు. వాళ్లలో నర్సు పరీక్ష రాసే పార్వతమ్మ ముఖం మీద కూడా నురగ పడింది. అయినా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పగులు పూడ్చడానికి ఒక పూట చాలు. ఆ ఒక పూట కోసం ఒక ప్రభుత్వం అడ్డం పడుకుని ఉంది.

మర్నాడు వైఫల్య ధ్రువపత్రం కోసం వెళ్లాను. అదుంటే సిమెంటు ఇస్తామని సర్క్యులర్లో ఉంది కదా.

కమిషనరు గారు నా దరఖాస్తు ఆసాంతం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పేస్టుతోనే తుడుచుకున్నారు.

"ఇందుమతి గారూ, వైఫల్య ధ్రువపత్రమిచ్చు అధికారం కమిటీది. కమిటీకి అధ్యక్షుడను నేను. ఈ పథకం మన పురపాలక సంఘంలో నూటికి నూరు పాళ్లు సఫలమైనదని గత సోమవారమే ప్రభుత్వానికి నివేదించి ఉన్నాను. సఫలమైన పథకం విఫలం కావడానికి వీలెక్కడిది?"

"కప్పు కారుతోంది సార్."

"అది కప్పు యొక్క వైఫల్యం. దంతలేపానిది కాదు."

నేను నోరు తెరిచాను. పన్ను సలిపింది. మూసుకున్నాను.

"పైగా మీరు ప్రయోగ విధానంలో లోపం చేశారు" అని ఆయన ఒక కాగితం తీశారు. "దంతలేపాన్ని రోజుకు ఒక్కసారి వాడితే ఫలితముంటుందా? గొట్టం మీద ఏమని రాసి ఉన్నది? ఉదయం ఒకసారి, నిద్రించుటకు ముందు ఒకసారి. మీ కప్పుకు ఒక్కమారే రాసి ఊరుకున్నారు. ఇకమీదట రెండు పూటలా రాయించండి."

అలా మా కప్పుకు రెండు పూటలా పళ్లు తోమించడం మొదలైంది. పొద్దున్నే సింహాద్రి నిచ్చెనెక్కేవాడు. సాయంత్రం ఎక్కేవాడు. పాపం ఇష్టం లేకపోయినా ఎక్కేవాడు, కూలి ఇస్తున్నారు కాబట్టి. వాన పడ్డప్పుడల్లా నురగ దిగేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లను చూశాను గానీ, ఆ కుందేలును మన నెత్తిన కూర్చోబెట్టేవాళ్లను చూడ్డం అదే మొదలు.

చివరికి పిడుగు పడనే పడింది. 'దంతలేపమును స్వీకరించని కట్టడము' కాబట్టి మా గ్రంథాలయానికి వచ్చే నెల మొదట్లో తాళం వేస్తామని ఆర్డరు వచ్చింది. చెత్త ట్రాక్టర్ల షెడ్డు ఊడ్పించడం కూడా మొదలుపెట్టారు. పార్వతమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"మేడమ్, మా పరీక్ష దసరా ఎల్లినాక. అంతవరకైనా తీసి ఉంచలేరా?" అంది.

చూద్దాంలే అన్నాను. మనసులో మాత్రం ఈ తాళం ఎలా పడుతుందో నేనూ చూస్తాను అనుకున్నాను.

ఇంట్లో పేస్టు అయిపోయి అప్పటికి చాలా రోజులైంది. మా అత్తగారు ఆవుపిడకలు కాల్చి, ఉప్పూ లవంగం కలిపి పళ్లపొడి చేశారు.

"మీ ఊళ్లో గోడలకు పళ్లొచ్చాయి, మనుషులకు ఊడిపోతున్నాయి. ఇదిగో, దీంతో తోముకో. మెల్లిగా తోముకో, అసలే పన్ను నొప్పి అంటున్నావు" అని నా అరచేతిలో పోశారు.

అరచేతిలో మెత్తటి బూడిదరంగు పొడి. దాని వంక చూస్తూ అలాగే నిలబడిపోయాను. ఆ రంగు, ఆ మెత్తదనం నాకు బాగా తెలుసు. మేస్త్రీలు బస్తా విప్పినప్పుడు కనిపించే రంగే అది. వెంటనే సర్క్యులర్లోని ఒక వాక్యం గుర్తొచ్చింది. ముద్ద, జెల్లు, పొడి తదితర రూపములలోనుండు దంతధావన పదార్థము.

పళ్లు తోముకోకుండానే దాలినాయుడు గారింటికి వెళ్లాను. ఆయన వాకిట్లో వేపపుల్ల నములుతున్నారు.

"సార్, కప్పుకు పేస్టు పడట్లేదు. పళ్లపొడి వేద్దాం."

"పళ్లపొడా?"

"బూడిదరంగుది. బస్తాల్లో వస్తుంది. ఇసుకా నీళ్లూ కలిపితే గట్టిపడే రకం."

దాలినాయుడు గారు నమలడం ఆపారు. నా ముఖం వంక, తర్వాత ఆకాశం వంక చూశారు. పుల్ల ఉమ్మేసి నవ్వడం మొదలుపెడితే, లోపల్నుంచి ఆయన భార్య ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది.

"అదేటి మేడమ్, ఈ మాట ముందే సెప్పకూడదా? బస్టాండు రోడ్డు ఎప్పుడో బాగుపడేది" అన్నారు.

ఆయన ఆ పొద్దే రాశారు. 'దంతచూర్ణము, బూడిద వర్ణము, శీఘ్ర ఘనీభవన రకము, రెండు బస్తాలు.' కమిషనరు గారు కళ్లు మెరుస్తుండగా సంతకం పెట్టారట. ముద్ద నుంచి పొడికి ముందుకు సాగినందుకు ఇంజినీరింగు విభాగాన్ని అభినందిస్తూ పక్కన రెండు ముక్కలు కూడా రాశారట.

బస్తాలు వచ్చాయి. సింహాద్రి ఒకటి విప్పి, వాసన చూసి, వేలితో నలిపి నా వంక తిరిగాడు.

"అమ్మా, ఇది సిమెంటు కదేటి?"

"కాదు, పళ్లపొడి. నోరు మూసుకుని కలుపు."

"నోరు మూసుకుంటే పళ్లెలాగ తోవుకుంటారమ్మా?" అని, బొచ్చెలో ఇసుక పోశాడు. పాత పేస్టంతా గీకేశాడు. పగులును ఉలితో వెడల్పు చేసి, కడిగి, కలిపిన మాలు నింపాడు. మధ్యాహ్నం అన్నం వేళకు పనైపోయింది. దాలినాయుడు గారు చెప్పింది నిజమే, ఒక పూట పని.

ఆ వారమంతా పొద్దునా సాయంత్రం అతుకు మీద నీళ్లు పట్టించాను. ఆ తర్వాత ముసురు పట్టి వాన పడింది. రేకుల ఇళ్లవాళ్లు రాత్రంతా మేలుకున్నారు. పొద్దున్నే నేను బకెట్లు పట్టుకునే వెళ్లి తాళం తీశాను. నేల పొడిగా ఉంది, బల్ల పొడిగా ఉంది, బీరువా పొడిగా ఉంది. గవర్రాజు గారు గొడుగు విప్పి కూర్చుని, కాసేపు ఎదురుచూసి, అనుమానంగా చెయ్యి బయటపెట్టి చూసి, మడిచేశారు. వానలో ఆయన రెండు చేతులతో పేపరు పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తాళం ఆర్డరు రద్దయింది. దాని బదులు ఘనత వచ్చింది. దంతలేపంతో సిమెంటు కప్పును అతికిన మొదటి ఊరు మాదేనట. చుట్టుపక్కల మున్సిపాలిటీల ఇంజినీర్లందరినీ మా కప్పు చూడ్డానికి పిలిపించారు. విశ్వంభరం గారు ముందు నడుస్తూ, పైకి చూపిస్తూ వివరించారు. ఈసారి రెండు బూట్లూ మెరుస్తున్నాయి.

వచ్చినవాళ్లలో హైమావతి అనే ఇంజినీరు ఉంది. పక్క ఊరి ఆడపిల్లల స్కూలు వరండా కారుతోందట, అక్కడా పేస్టే రాయమన్నారట. అందరం డాబా మీదికెక్కాక, ఆమె అతుకును తాళంచెవితో గీసి చూసింది. గోటితో నొక్కి చూసింది. తర్వాత నెమ్మదిగా నా వంక తిరిగింది. కమిషనరు గారు మా ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నారు. నిజం చెబితే నా కప్పు పీకించి మళ్లీ పేస్టు పెట్టిస్తారు. చెప్పకపోతే ఆ స్కూలు పిల్లల నెత్తిన నురగ.

"ఇది ఏ రకం పళ్లపొడి మేడమ్?" అంది.

"బూడిదరంగుది. యాభై కిలోల బస్తా."

ఆమె కళ్లు కాస్త పెద్దవయ్యాయి.

"ఇందులో గరుకు కోసం ఏమైనా కలిపారా?"

"ఇసుక. జల్లించింది."

"ఎన్ని పాళ్లు?"

"ఒకటికి మూడు."

"తర్వాత పుక్కిలింపించారా?"

"వారం రోజులు, రెండు పూటలా. ఎండ తగలకుండా గోనె కూడా కప్పి పుక్కిలింపించాం."

"మా వరండాకూ సరిగ్గా ఇదే వేయిస్తానండీ" అంది హైమావతి, చాలా గంభీరంగా. మిగతా ఇంజినీర్లు అప్పటికే దగ్గరకు జరిగారు. ఒకాయన తమ ఊళ్లో వంతెన పని ఉందని, దానికి పళ్లపొడితో పాటు పళ్లు కుట్టుకునే ఇనుప పుల్లలు కూడా కావాలని, పదహారు మిల్లీమీటర్ల లావువి దొరుకుతాయా అని అడిగాడు. దొరుకుతాయన్నారు దాలినాయుడు గారు. విశ్వంభరం గారు ఇవన్నీ స్వయంగా రాసుకున్నారు. ఆయన కళ్లల్లో ఆనందం చూస్తే నాకు ఆయన మీద కోపం కూడా పోయింది.

ఆ సంవత్సరం మా జిల్లాలో జరిగినన్ని మంచి పనులు అంతకుముందు జరగలేదు. స్కూళ్లు, మురుగు కాల్వలు, మెట్లు, చప్టాలు అన్నీ పళ్లపొడితోనే లేచాయి, గట్టిగా లేచాయి. బస్టాండు రోడ్డు మీద మోటారు సైకిళ్లు ఆగవలసిన చోట ఆగుతున్నాయి. పార్వతమ్మ పరీక్ష రాసి, పక్క జిల్లా ఆసుపత్రిలో నర్సుగా చేరింది. లారీల్లో పళ్లపొడి వస్తూనే ఉంది. విశ్వంభరం గారికి ప్రమోషన్ వచ్చి రాజధానికి వెళ్లారు. పథకాన్ని రాష్ట్రమంతటికీ ఆయన చేతే విస్తరింపజేస్తారట.

ఇక కప్పు పనీ, దాన్ని చూడ్డానికొచ్చేవాళ్ల తాకిడీ అయిపోయాయి కదా, పన్ను సంగతి చూద్దామనుకున్నాను. అప్పటికది సలపడం మాని పోటు పెడుతోంది. దవడ వాచి, ఒక వైపు ముఖం నాది కానట్టే ఉంది. గ్రంథాలయం మధ్యాహ్నం మూసి, మున్సిపల్ ఆసుపత్రికి వెళ్లాను.

పళ్ల డాక్టరమ్మ గది తాళం వేసి ఉంది. ఆమె కూర్చోబెట్టే కుర్చీ వరండాలో ఉంది. అందులో ఒక పిల్లి పడుకుంది.

"డాక్టరమ్మ ఎప్పుడొస్తారు?" అన్నాను అక్కడున్న ఆయమ్మతో.

"ఇంక రారమ్మా. పోస్టే తీసీసినారు."

"ఎందుకూ?"

"పైనుంచి కాయితం వచ్చింది. మన జిల్లాలో మనిసికి ఏడాదికి మూడు బస్తాల పళ్లపొడి వాడతన్నారంటమ్మా. ఇంత తోవుకునే జనానికి పంటి నొప్పి ఎలాగొస్తాదీ, డాక్టరెందుకూ అని తీసీసినారు. మరి నీకెందుకొచ్చిందమ్మా?"

నా దగ్గర సమాధానం ఉంది. చెప్పే వీలు లేదు. దవడ పట్టుకుని వెనక్కి వచ్చేశాను.

గ్రంథాలయం తలుపు తీసేసరికి వాన మొదలైంది. ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు పరిగెత్తుకొచ్చి, బెంచీలు ఎక్కడున్నవి అక్కడే ఉంచి కూర్చున్నారు. కప్పు మీద వాన దరువేస్తోంది. లోపల చుక్క లేదు. నొప్పితో కళ్లు బైర్లు కమ్ముతున్నా, ఆ చప్పుడు వింటూ ఆ తలలు వంచుకుని చదివే పిల్లలను చూస్తుంటే ప్రాణం హాయిగానే ఉంది.

గవర్రాజు గారు పేపరు దించి నా ముఖం వంక చూశారు.

"ఏటమ్మా, అలా వాచిపోయింది? పన్నా?"

తలూపాను.

ఆయన ఇటూ అటూ చూసి, కుర్చీ దగ్గరకు జరిపి గొంతు తగ్గించారు. మూలనున్న బీరువా కింద, కప్పుకు రాయగా మిగిలిపోయిన మున్సిపాలిటీ పేస్టు గొట్టాల పెట్టె వైపు వేలు చూపించారు.

"ఓ పాలి అది రాసి సూడమ్మా. గోడకి రాసినారు, రోడ్డుకి రాసినారు, కప్పుకి రాసినారు. పంటికి రాసి సూద్దామని ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు."

"వద్దు గవర్రాజు గారూ, అది దుర్వినియోగం కిందికి వస్తుంది" అన్నాను.